స్టేషన్ మాస్టరా, ట్రైన్ మేనేజరా: ఒకే సంస్థలో రెండు కొలువుల మధ్య ఎంపిక

రెండు వేర్వేరు సంస్థల నుంచి ఉద్యోగావకాశాలు వచ్చినప్పుడు మనిషి ప్రధానంగా పోల్చుకునేది ఆ సంస్థలనే. జీతం సకాలంలో పడుతుందా, పదేళ్ల తర్వాత ఆ సంస్థ నిలిచి ఉంటుందా, పై అధికారులు ఎటువంటివారు అన్న ప్రశ్నల సందడిలో అసలు అక్కడ చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్న వెనక్కి పోతుంది. ఒకే సంస్థలో రెండు కొలువులు ఎదురైనప్పుడు ఈ ప్రశ్నలన్నీ తమంతట తామే తప్పుకుంటాయి. యజమాని ఒకరే కనుక సంస్థ మంచిచెడ్డలు రెండు వైపులా సమానంగా తూగి, త్రాసులో మిగిలేది పని ఒక్కటే అవుతుంది. ఇది చూడడానికి సులువైన ఎంపికలా కనిపించినా, నిజానికి ఎక్కువమంది పొరబడేది ఇక్కడే; ఎందుకంటే పనిని పోల్చడం అలవాటు లేని మనిషి, మిగిలిన ఒకే ఒక్క కొలతగా కనిపించే జీతపు అంకెను పట్టుకుని నిర్ణయం చేసేస్తాడు.

ఈ ఎంపికను సక్రమంగా చేయడానికి రెండు మాటలు పరిచయం చేసుకోవడం అవసరం. రెండు కొలువులకూ సమానంగా వర్తించే సౌకర్యాలను, హక్కులను, ఇబ్బందులను కలిపి 'ఉమ్మడి భాగం' అనవచ్చు. ఒక కొలువుకు మాత్రమే వర్తించి రెండోదానికి వర్తించని వాటిని 'భేద భాగం' అనవచ్చు. ఉమ్మడి భాగాన్ని లెక్కలోంచి పూర్తిగా కొట్టివేసి, భేద భాగాన్ని మాత్రమే పరిశీలించడం ఈ పద్ధతికి మూలసూత్రం. సూత్రం ఒక వాక్యంలో ఇమిడిపోయినా దాన్ని అమలు చేయడం మాత్రం ఒక నిర్దిష్టమైన ఉదాహరణ మీద తప్ప బోధపడదు. అందుకు తెలుగు రాష్ట్రాల యువతకు బాగా పరిచయమైన భారతీయ రైల్వేలను తీసుకోవడం సముచితం.

రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు డిగ్రీ అర్హతతో నిర్వహించే నాన్ టెక్నికల్ పాపులర్ కేటగిరీస్ పరీక్ష, వాడుకలో ఎన్‌టీపీసీ, ఒక్క పరీక్షతో అనేక కొలువులకు అభ్యర్థులను ఎంపిక చేస్తుంది (విద్యుత్తు సంస్థ పేరుకూ దీనికీ సంబంధం లేదు; సంక్షిప్త రూపం ఒకటే కావడం వల్ల గ్రామాల్లో తల్లిదండ్రులు ఇప్పటికీ తికమక పడుతుంటారు). 2024 సెప్టెంబరులో వెలువడిన డిగ్రీ స్థాయి నోటిఫికేషన్‌లో 8,113 ఖాళీలు ఉండగా, వాటిలో 3,144 గూడ్స్ ట్రైన్ మేనేజర్ కొలువులు, 994 స్టేషన్ మాస్టర్ కొలువులు, 1,736 చీఫ్ కమర్షియల్ కమ్ టికెట్ సూపర్‌వైజర్ కొలువులు, మిగిలినవి అకౌంట్స్, క్లర్కు కొలువులు. 2025 నాటి నోటిఫికేషన్‌లోనూ 5,810 ఖాళీల్లో 3,416 గూడ్స్ ట్రైన్ మేనేజర్‌వే. అభ్యర్థి తనకు కావలసిన కొలువులను ప్రాధాన్య క్రమంలో పేర్కొనవలసి ఉంటుంది. మార్కుల వరుసను, రిజర్వేషన్‌ను, ఆ ప్రాధాన్యాన్ని కలిపి చూసి బోర్డు ఒక్క కొలువును కేటాయిస్తుంది. రెండేళ్లు చదివి సాధించిన ర్యాంకును ఏ పనిగా మార్చుకోవాలన్నది, ఆ క్రమాన్ని నింపే పది నిమిషాల్లో తేలిపోతుంది. అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గదులు అద్దెకు తీసుకుని చదివిన అభ్యర్థి, అరిథ్‌మెటిక్ షార్ట్‌కట్ల మీద పెట్టిన శ్రద్ధలో నూరో వంతు ఈ క్రమం మీద పెట్టకపోవడం విచారకరం.

స్టేషన్ మాస్టర్, గూడ్స్ ట్రైన్ మేనేజర్ అన్న రెండు కొలువులను ఎదురెదురుగా పెట్టి చూస్తే ఉమ్మడి భాగం ఎంత పెద్దదో ముందుగా తెలుస్తుంది. కరవు భత్యం శాతం రెండింటికీ ఒకటే. కుటుంబంతో సహా ప్రయాణానికి పాసులు, రైల్వే ఆసుపత్రిలో వైద్యం, పింఛను పథకంలో యజమాని వాటా, పదోన్నతి రాకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు తర్వాతి వేతన స్థాయిని ఇచ్చే ఎంఏసీపీ పథకం, ఇవన్నీ ఇద్దరికీ ఉంటాయి. ఇద్దరూ రైళ్ల రాకపోకలు చూసే ఆపరేటింగ్ విభాగానికే చెందినవారు, ఇద్దరికీ రాత్రి డ్యూటీ తప్పదు, ఇద్దరికీ సంక్రాంతి, దసరా పండుగలు ఇంట్లోనే జరుగుతాయన్న భరోసా లేదు. కాబట్టి 'రైల్వేలో పాసులుంటాయి కదా' అన్న మాట గానీ, 'పండగలకు సెలవు దొరకదట' అన్న మాట గానీ ఈ రెండింటి మధ్య ఎంపికకు ఏమాత్రం పనికిరావు. అవి రైల్వేలో చేరాలా వద్దా అన్న మరో ప్రశ్నకు సంబంధించినవి. బంధువులు, స్నేహితులు ఇచ్చే సలహాల్లో అధికభాగం ఈ ఉమ్మడి భాగానికి చెందినదే కావడాన్ని గమనిస్తే, ఎంత చర్చ జరిగినా నిర్ణయం ఎందుకు ముందుకు సాగదో అర్థమవుతుంది.

భేద భాగంలో అందరి కళ్లూ మొదట పడేది జీతం మీద. 7వ వేతన సంఘం పట్టిక ప్రకారం స్టేషన్ మాస్టరుది 6వ లెవెల్, ప్రారంభ మూలవేతనం 35,400 రూపాయలు. గూడ్స్ ట్రైన్ మేనేజరుది 5వ లెవెల్, ప్రారంభ మూలవేతనం 29,200 రూపాయలు. తేడా 6,200 రూపాయలు కనుక స్టేషన్ మాస్టరే మేలని తేల్చడం సహజంగా జరిగిపోతుంది. అయితే ట్రైన్ మేనేజరు 'రన్నింగ్ స్టాఫ్' కిందికి వస్తారు. అంటే కదిలే రైలుతో పాటు ప్రయాణిస్తూ దాని నడకలో నేరుగా పాలుపంచుకునే సిబ్బంది. వారికి ప్రయాణించిన దూరాన్ని బట్టి లెక్కగట్టే రన్నింగ్ అలవెన్సు, అంటే వాడుకలో 'కిలోమీటరేజ్' లేదా 'మైలేజీ', ప్రత్యేకంగా ఉంటుంది. అంతేకాక ఆ అలవెన్సులో కొంత భాగాన్ని జీతంతో సమానంగా పరిగణించే పద్ధతి రైల్వేలో ఎప్పటినుంచో ఉంది; దాని ప్రకారం కరవు భత్యం వంటి కొన్ని లెక్కలకు మూలవేతనానికి 30 శాతం కలుపుతారు. 29,200కు 30 శాతం అంటే 8,760, మొత్తం 37,960. ఆ లెక్కల మేరకు, చిన్న లెవెల్‌లో ఉన్నవారు పెద్ద లెవెల్ ప్రారంభ వేతనాన్ని దాటిపోతారన్న మాట. దీని మీద నెలనెలా తిరిగిన కిలోమీటర్ల డబ్బు వేరు.

ఇంతమాత్రాన ట్రైన్ మేనేజరు కొలువే లాభసాటి అని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే అవుతుంది. కిలోమీటరేజ్ బండి ఎక్కితేనే వచ్చే డబ్బు. సుదీర్ఘమైన సెలవులో ఉన్నా, సరుకు రవాణా మందగించినా, కదలిక తక్కువ ఉన్న సెక్షన్‌లో పనిచేసినా అది తగ్గుతుంది. స్టేషన్ మాస్టరు జీతం నెలనెలా దాదాపు ఒకే తీరుగా వస్తుంది. ఇంటి రుణం తీసుకోదలచినవారు, చెల్లెలి పెళ్లి బాధ్యత నెత్తిన ఉన్నవారు రన్నింగ్ అలవెన్సును ఆదాయంగా కాక అదనంగా భావించి, వాయిదాలను స్థిరమైన వేతనం మీదే లెక్కవేసుకోవడం క్షేమకరం. లెవెల్ అంకె ఒక్కదాన్నే చూసి వేసిన జీతపు పోలిక, ఈ రెండు కొలువుల విషయంలో, తప్పుడు పోలికే.

ఇక పని దగ్గరకు వస్తే, రెండింటి స్వభావం ఎంత భిన్నమో ఒక్క రాత్రిని దగ్గరగా చూస్తే చాలు. తెల్లవారుజామున 2 గంటలకు ఒక చిన్న స్టేషన్‌లో ప్యానెల్ ముందు, అంటే పాయింట్లనూ సిగ్నళ్లనూ నడిపే బల్ల ముందు, కూర్చున్న స్టేషన్ మాస్టరుకు పక్క స్టేషన్ నుంచి ఫోను మోగుతుంది. అటునుంచి వచ్చే బండికి 'లైన్ క్లియర్' కావాలని, అంటే రెండు స్టేషన్ల మధ్య పట్టా ఖాళీగా ఉంది, బండిని పంపవచ్చు అన్న అనుమతి కావాలని అడుగుతారు. అంతకుముందు వెళ్లిన బండి చివరి పెట్టెతో సహా పూర్తిగా దాటిపోయిందని నిర్ధారించుకున్న తర్వాతే ఆ అనుమతి ఇవ్వాలి. గేటు వేశానని గేట్‌మన్ ఫోనులో చెప్పినప్పుడు, ఆ మాటకు రుజువుగా 'ప్రైవేట్ నంబర్' ఇస్తాడు. అది ముందుగా ముద్రించిన కాగితం మీది రెండంకెల సంఖ్య, ఒకసారి వాడగానే కొట్టివేయవలసినది. ఆ సంఖ్యను రాసుకుని, సమయాన్ని నిమిషంతో సహా రిజిస్టరులో నమోదు చేసి, సిగ్నల్ తీసి, బండి దాటే వేళకు లేచి బయటకు వెళ్లి పచ్చ దీపం చూపి, చివరి పెట్టెకు ఉండవలసిన గుర్తు ఉందో లేదో చూసి, లోపలికి వచ్చి కూర్చునేసరికి ఇంకో వైపు ఫోను మోగుతుంది. ఈ లోపల కంట్రోల్ కార్యాలయం నుంచి సెక్షన్ కంట్రోలరు ఏ బండిని లూప్‌లో, అంటే పక్క పట్టా మీద, పెట్టాలో, దేన్ని ముందు వదలాలో చెబుతుంటారు. ఇదంతా నిద్ర ముంచుకొచ్చే వేళలో, ప్రతి అంకె కచ్చితంగా ఉండవలసిన పని. శరీరం కదిలేది కొద్ది అడుగులే అయినా మనస్సు ఎనిమిది గంటలు, కొన్ని స్టేషన్లలో పన్నెండు గంటలు, బిగబట్టి ఉండాలి.

అదే రాత్రి ఆ లూప్ లైనులో నిలిచిన గూడ్స్ బండి చివర బ్రేక్ వ్యానులో ట్రైన్ మేనేజరు ఉంటారు. 2022 జనవరికి ముందు ఆ కొలువు పేరు గార్డు. బండి కదిలేముందు బ్రేక్ పైపులో గాలి పీడనం చివరి వరకు అందుతున్నదో లేదో చూసుకోవడం, వాకీటాకీలో లోకో పైలట్‌తో మాట్లాడి పచ్చ దీపం చూపడం, వెనుక గుర్తు దీపం వెలుగుతున్నదో లేదో గమనించడం, ప్రతి స్టేషన్ దాటిన వేళను రాసుకోవడం ఆ పనిలో భాగాలు. తర్వాత గంటల తరబడి చీకటి, పట్టాల చప్పుడు, ఒంటరితనం. పాత బ్రేక్ వ్యానులు చాలావాటిలో మరుగుదొడ్డి గానీ కరెంటు దీపం గానీ ఉండవు. మహిళా అభ్యర్థులు ఈ విషయాన్ని ఇప్పటికే పనిచేస్తున్న మహిళా ఉద్యోగులను అడిగి తెలుసుకోకుండా ప్రాధాన్యం ఇవ్వడం సరికాదు. ఆ ఒంటరితనం ఏమాత్రం తేలికైన బాధ్యత కాదని తెలిసేది బండి సెక్షన్ మధ్యలో ప్రమాదానికి లోనై ఆగినప్పుడు. అప్పుడు ట్రైన్ మేనేజరు చేతిదీపం, డిటోనేటర్లు తీసుకుని పట్టాల వెంట నడవాలి. డిటోనేటరు అంటే పట్టా మీద బిగిస్తే చక్రం తగలగానే పెద్దగా పేలి, వచ్చే బండిని హెచ్చరించే బిళ్ల. బ్రాడ్‌గేజ్ మార్గంలో 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల దూరంలో పది పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలన్నది నియమం. వానలోనైనా, అడవిలోనైనా, కంకర రాళ్ల మీద 1,200 మీటర్ల ఆ నడక ఒక్కరిదే. సర్వీసు మొత్తంలో అటువంటి రాత్రి ఒక్కటీ రాకపోవచ్చు. వస్తే మాత్రం ఆ నాలుగు బిళ్లల మీద వెనుక వచ్చే బండిలోని ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఈ రెండు రాత్రుల్లో ఏది తన స్వభావానికి సరిపోతుందో అభ్యర్థి తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. ఒకేసారి నాలుగు వైపుల నుంచి మాటలు వస్తుంటే చికాకుపడక, వరుస తప్పకుండా ఒక్కొక్కటి పూర్తిచేయగల మనిషికి ప్యానెల్ గది సరైన చోటు. ఒకే విషయం మీద మౌనంగా దృష్టి నిలపగలిగి, మనుషుల సాంగత్యం లేకపోయినా దిగులుపడని మనిషికి బ్రేక్ వ్యాను సరిపోతుంది. మొదటి రకం మనిషిని రెండో చోట పెడితే విసుగుతోనూ, రెండో రకం మనిషిని మొదటి చోట పెడితే భయంతోనూ కుంగిపోతాడు. దీనికి తెలివితేటలతో సంబంధం లేదు. పరీక్షలో ఇద్దరూ ఒకే మార్కులు తెచ్చుకుని ఉండవచ్చు.

నిద్ర విషయం విడిగా చెప్పుకోవలసినంత ముఖ్యమైనది. స్టేషన్ మాస్టరుకు రోస్టరు ఉంటుంది. అంటే ఏ రోజు పగలు, ఏ రోజు రాత్రి, వారంలో ఏ రోజు విశ్రాంతి అన్నది ముందుగానే పట్టిక రూపంలో తెలుస్తుంది. రిలీవర్ రాకపోవడం, పక్కవారి సెలవు వంటి కారణాల వల్ల అది తారుమారైనా ఒక ఆకారమంటూ ఉంటుంది. గూడ్స్ ట్రైన్ మేనేజరుకు ఆ ఆకారం ఉండదు. సరుకు బండికి వేళాపాళా లేదు కనుక, లాబీ నుంచి, అంటే రన్నింగ్ స్టాఫ్ డ్యూటీలను చూసే కార్యాలయం నుంచి, ఎప్పుడు 'కాల్' వస్తే అప్పుడు బయలుదేరాలి. నిబంధనల ప్రకారం 8 గంటలు, ఆపైన డ్యూటీ చేసి సొంత హెడ్‌క్వార్టరుకు తిరిగివచ్చిన వారికి 16 గంటల విశ్రాంతి ఇవ్వాలి. నెలకు 30 గంటల విశ్రాంతి నాలుగుసార్లు గానీ, 22 గంటల విశ్రాంతి ఐదుసార్లు గానీ రావాలి. గంటల లెక్కలో ఇది తక్కువేమీ కాదు. కానీ ఆ విశ్రాంతి ఆదివారం పగలు వస్తుందో బుధవారం అర్ధరాత్రి మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. పగలైనా రాత్రైనా పడుకోగానే నిద్రపట్టే శరీరం ఉన్నవారికి ఇది పెద్ద సమస్య కాదు. నిద్ర చెడితే రెండు రోజులు తలనొప్పితో బాధపడేవారు మాత్రం ఇక్కడే ఆగి ఆలోచించాలి.

ఇల్లు అన్న ప్రశ్న దగ్గర, పైకి కనిపించేదానికి సరిగ్గా విరుద్ధమైన సంగతి ఒకటి ఉంది. ట్రైన్ మేనేజరు నిత్యం తిరిగే మనిషి, స్టేషన్ మాస్టరు ఒకచోట కూర్చునే మనిషి కనుక కుటుంబ జీవితానికి రెండోదే మేలని అందరూ అనుకుంటారు. వాస్తవంలో రన్నింగ్ స్టాఫ్ హెడ్‌క్వార్టర్లు ఎక్కువగా కాజీపేట, విజయవాడ, గుంతకల్లు వంటి జంక్షన్లలో ఉంటాయి. అక్కడ బడులు, కళాశాలలు, ఆసుపత్రులు, జీవిత భాగస్వామికి ఉద్యోగావకాశాలు ఉంటాయి; ట్రైన్ మేనేజరు తిరుగుతున్నా కుటుంబం ఒక ఊళ్లో కుదురుగా ఉంటుంది. స్టేషన్ మాస్టరుకు డివిజన్‌లోని ఏ స్టేషన్‌లోనైనా పోస్టింగు ఇవ్వవచ్చు. మొదటి సంవత్సరాల్లో అది చుట్టూ పొలాలు తప్ప దుకాణం కూడా లేని రోడ్‌సైడ్ స్టేషన్ కావచ్చు, ఉండవలసింది స్టేషన్ పక్క క్వార్టరులో కావచ్చు, పాప బడి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. మనిషి కదలకపోయినా ఇల్లు కదలవలసి రావడం స్టేషన్ మాస్టరు జీవితంలో సాధారణం. ఇల్లు కదలకపోయినా మనిషి ఇంట లేకపోవడం ట్రైన్ మేనేజరు జీవితంలో సాధారణం. పెళ్లై, భార్యో భర్తో ఒక పట్టణంలో ఉద్యోగం చేస్తున్న అభ్యర్థికి ఈ భేదం జీతపు తేడా కంటే అనేక రెట్లు విలువైనది. పల్లెలో పెరిగి, పల్లె నిశ్శబ్దాన్ని ఇష్టపడి, సాయంత్రం కుటుంబంతో గడపడాన్ని కోరుకునే మనిషికి అదే రోడ్‌సైడ్ స్టేషన్ వరం కూడా కావచ్చు. అందుకే ఈ ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు. ఇంట్లోవారిని కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్న ఇది, ఎందుకంటే ఫలితం అనుభవించేది వారు కూడా.

పదేళ్ల తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకు పదోన్నతి పటం చూడాలి. స్టేషన్ మాస్టరుకు పైన స్టేషన్ సూపరింటెండెంటు కొలువు 7వ లెవెల్‌లో ఉంటుంది. ట్రైన్ మేనేజరు గూడ్స్ నుంచి సీనియర్ గూడ్స్‌కు, తర్వాత పాసింజర్‌కు, మెయిల్ ఎక్స్‌ప్రెస్‌కు చేరతారు. లెవెల్ పెద్దగా పెరగకపోయినా పని పరిస్థితి బాగా మెరుగవుతుంది, ఎందుకంటే ప్రయాణికుల బండికి టైంటేబుల్ ఉంటుంది, దానితో పాటు మనిషికీ వేళలు వస్తాయి. పరిమిత పోటీ పరీక్షల ద్వారా ఆపరేటింగ్ విభాగంలో అధికారి స్థాయికి వెళ్లే దారి ఇద్దరికీ ఉంది. ఇక్కడ తక్కువమంది గమనించే ఒక ఏకదిశ మార్గం ఉంది. జీడీసీఈ అనే శాఖాంతర్గత పోటీ పరీక్ష కింది లెవెల్‌లో ఉన్న ఉద్యోగులు పై లెవెల్ కొలువుకు పోటీపడడానికి ఉద్దేశించినది. కనుక నోటిఫికేషన్ వచ్చి, వయస్సు తదితర అర్హతలు సరిపోతే ట్రైన్ మేనేజరు స్టేషన్ మాస్టరు కావడానికి ప్రయత్నించవచ్చు, స్టేషన్ మాస్టరు ట్రైన్ మేనేజరు కావడానికి ఆ దారి లేదు. నిర్ణయం ఎటూ తేలని అభ్యర్థికి, తిరిగి రాగల దారి ఎటువైపు ఉందో తెలిసి ఉండడం ప్రయోజనకరం.

భవిష్యత్తు గురించిన ఒక ఆందోళనను కూడా దాచకుండా చెప్పాలి. సరుకు బండి చివరి వ్యాగనుకు అమర్చి, బండి తెగకుండా పూర్తిగా ఉందనీ బ్రేకు పీడనం సరిగా ఉందనీ లోకో పైలట్‌కు తెలియజేసే టెలిమెట్రీ పరికరాలను రైల్వేలు ప్రయోగించి చూస్తున్నాయి. అటు ఆటోమేటిక్ సిగ్నలింగు, కేంద్రీకృత ట్రాఫిక్ నియంత్రణ విస్తరిస్తే చిన్న స్టేషన్లలో మనుషుల అవసరం తగ్గుతుంది. రెండు కొలువులనూ యంత్రం తాకుతున్నది కనుక దీన్ని కూడా చాలావరకు ఉమ్మడి భాగంలోనే వేసి పక్కన పెట్టవచ్చు.

ఇవి రెండూ కాక మరో దారి కావాలనుకునేవారికి అకౌంట్స్ కొలువు ఆలోచించదగినది. జూనియర్ అకౌంట్స్ అసిస్టెంటుది 5వ లెవెలే, రాత్రి డ్యూటీ లేదు, పని డివిజనల్ లేదా జోనల్ కార్యాలయాల్లో. పుస్తకం వదలని స్వభావం ఉన్నవారు అపెండిక్స్-2, అపెండిక్స్-3 అనే శాఖాపరమైన పరీక్షలు ఉత్తీర్ణులై 6వ లెవెల్‌కు, అక్కడినుంచి 8వ లెవెల్ సీనియర్ సెక్షన్ ఆఫీసరు స్థాయికి చేరగలరు. 5వ లెవెల్ అన్న అంకెను చూసి దీన్ని అట్టడుగున పెట్టే అభ్యర్థులు ఈ సంగతి తెలియక పెడుతున్నవారే. కమర్షియల్ సూపర్‌వైజర్ కొలువులో డబ్బు లెక్క ఉంటుంది. తక్కువ వసూలు చేసినట్టు తర్వాత తేలితే ఆ మొత్తాన్ని ఉద్యోగి పేరున 'డెబిట్' వేయవచ్చునని తెలిసి చేరాలి.

సలహా ఎవరిని అడగాలన్నది చిన్న విషయం కాదు. పెళ్లి సంబంధాల్లో 'స్టేషన్ మాస్టరు' అన్న మాటకున్న బరువు 'ట్రైన్ మేనేజరు' అన్న మాటకు లేకపోవచ్చు. ఆ బరువు పెళ్లిచూపుల రోజున పనికివస్తుంది, తర్వాతి ముప్పై ఏళ్ల రాత్రులకు పనికిరాదు. పదవీ విరమణ చేసిన పెద్దవారు చెప్పేది తమ కాలపు ఉద్యోగం గురించి. అడగవలసింది చేరి రెండు నుంచి ఐదేళ్లు అయినవారిని, అదీ డ్యూటీలో కాక విశ్రాంతి వేళ. 'ఉద్యోగం ఎలా ఉంది' అని అడిగితే 'బాగానే ఉంది' అన్న జవాబే వస్తుంది. 'గడిచిన పది రోజుల్లో ఏ వేళకు పడుకుని ఏ వేళకు లేచారు', 'పోయిన నెల కిలోమీటరేజ్ ఎంత వచ్చింది, అంతకు ముందు నెల ఎంత', 'చివరిసారి సెలవు అడిగితే ఎన్ని రోజులకు మంజూరైంది', 'మొదటి పోస్టింగు ఎక్కడ, అక్కడ ఎన్నేళ్లు ఉంచారు' అని అడిగితే నిజమైన సమాచారం వస్తుంది. రెండు కొలువుల్లో ఉన్నవారినీ ఇవే ప్రశ్నలు అడిగి, జవాబులను పక్కపక్కన రాసుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా ఒక షరతుకు లోబడి ఉంది. దాన్ని చివరికి ఉంచడానికి కారణం, ఆ ఒక్కటీ మరపున పడకూడదన్నదే. స్టేషన్ మాస్టర్, ట్రైన్ మేనేజర్ కొలువులు రెండింటికీ ఎ-2 వైద్య ప్రమాణం వర్తిస్తుంది. కళ్లద్దాలు లేకుండానే దూరదృష్టి రెండు కళ్లకూ 6/9 ఉండాలి, అంటే సాధారణ దృష్టి ఉన్నవారు 9 మీటర్ల నుంచి చదవగల అక్షరాలను 6 మీటర్ల నుంచైనా చదవగలగాలి. దీనికి తోడు రంగుల గుర్తింపు, రాత్రి దృష్టి వంటి పరీక్షలూ ఉంటాయి. అకౌంట్స్, క్లర్కు కొలువులకు వర్తించే సి-2 ప్రమాణంలో కళ్లద్దాలకు అనుమతి ఉంది. స్టేషన్ మాస్టరుకు ఇంకో గడప కూడా ఉంది: కంప్యూటర్ ఆధారిత యాప్టిట్యూడ్ పరీక్షలోని ప్రతి భాగంలోనూ కనీసం 42 టి-స్కోరు రావాలి. టి-స్కోరు అంటే అభ్యర్థులందరి మార్కుల సగటును 50గా పెట్టి ఒక్కొక్కరి స్థానాన్ని చూపే కొలత; ఈ కనీసపు హద్దులో ఏ వర్గానికీ సడలింపు లేదు. తుది ఎంపికలో రెండో దశ రాతపరీక్షకు 70 శాతం, ఈ పరీక్షకు 30 శాతం విలువ ఇస్తారు.

కళ్లద్దాలు వాడే అభ్యర్థి పెద్ద లెవెల్ అన్న ఆశతో స్టేషన్ మాస్టరును మొదటి ప్రాధాన్యంగా పెట్టి, అన్ని దశలూ దాటి, రైల్వే ఆసుపత్రిలో అక్షరాల పటం ముందు ఆగిపోవడం జరుగుతూనే ఉంది. వైద్య పరీక్షలో తప్పినవారికి ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వబోమని నోటిఫికేషన్లలోనే స్పష్టంగా రాసి ఉంటుంది. కాబట్టి ప్రాధాన్య క్రమం నింపడానికి ముందే కంటి వైద్యుని దగ్గరకు వెళ్లి, అద్దాలు తీసి, దూరదృష్టినీ రంగుల గుర్తింపునూ పరీక్షించుకోవాలి. ఆ పరీక్షకు పట్టేది అరగంట.